చప్పుడు చేసే బార్, చప్పుడు లేని సీసా: కొత్త తల్లుల వెల్‌నెస్ కిట్ 4 వారాలు వాడాక

హాయ్ అందరికీ. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాను, కాస్త వాల్యూమ్ పెంచుకోండి. పాప పక్క గదిలో ఇప్పుడే పడుకుంది. నాకు 20 నిమిషాలు దొరుకుతాయో, 2 గంటలు దొరుకుతాయో దానికే తెలియాలి.

ముందుగా చెప్పాల్సింది చెప్పేస్తాను. ఈ కిట్ నేను కొనలేదు. కంపెనీ వాళ్లే పంపారు. డబ్బులు ఇవ్వలేదు, వీడియో ముందు మాకు చూపించండి అని కూడా అడగలేదు. పేరు చెప్పట్లేదు. ఇలాంటి కిట్లు ఇప్పుడు చాలామంది అమ్ముతున్నారు, లోపల సరుకు దాదాపు ఒకటే: ఓట్స్ బార్లు, నీళ్ల సీసా, జుట్టుకి గమ్మీలు అనే నమిలే జెల్లీ బిళ్లలు, ఒక యాప్. బార్‌లో ప్రొటీన్ ఎంత, సీసాలో ఎన్ని నీళ్లు పడతాయి, అవన్నీ మీరు ఈపాటికి చదివేసి ఉంటారు. నేను మళ్లీ చదవను. వాడటం మొదలుపెట్టినప్పుడు పాపకి 11 వారాలు, ఇప్పుడు 15. ఆ మధ్యలో ఏం జరిగిందో చెప్తాను.

బార్‌తో మొదలుపెడదాం. ఇదిగో, మైకు దగ్గర పెడుతున్నాను, వినండి.

విన్నారా? ఇప్పుడు పట్టపగలు కాబట్టి మీకు పెద్దగా అనిపించకపోవచ్చు. రాత్రి 3 గంటలకి, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ఇది చప్పుడు కాదు, టపాకాయ.

మొదటి రాత్రి సంగతి చెప్తాను. పాప పాలు తాగి నా ఎడమ చేతి మీదే నిద్రపోయింది. నాకేమో ఆకలి. మామూలు ఆకలి కాదు, పాలిచ్చేవాళ్లకి తెలుసు, కడుపులో ఎవరో గిన్నె గోకుతున్నట్టు ఉంటుంది. కుడి చేత్తో బార్ తీశాను. ఒక చేత్తో చిరగదు. చూడండి, ఇక్కడ అంచున చిన్న గాటు ఉంది కదా, దీన్ని రెండు వైపులా పట్టుకుని లాగాలి. రెండో చేయి ఎక్కడుంది? దాని మీద పాప ఉంది. సరే అని పళ్లతో పట్టుకుని లాగాను. కర్ర్‌మంది. పాప రెండు చేతులూ ఒక్కసారి గాల్లోకి లేచాయి, వేళ్లు విచ్చుకున్నాయి, మొహం ముడుచుకుంది, ఆ తర్వాత మొదలైంది ఏడుపు. చప్పుడుకి అలా ఉలిక్కిపడటాన్ని మోరో రిఫ్లెక్స్ అంటారు. పుట్టిన పిల్లలందరిలో ఉంటుంది, 4 నుంచి 6 నెలల మధ్య మెల్లగా పోతుంది. అంటే ఈ బార్ ఎవరి కోసం తయారుచేశారో, వాళ్ల ఒళ్లో ఉండే మనిషికి సరిగ్గా ఆ వయసులోనే చప్పుడు పడదు. ఇది డిజైన్ చేసినవాళ్లలో ఒక్కరైనా నిద్రపోయే పిల్లని ఎత్తుకుని ఈ కవరు చింపి చూశారా?

తర్వాత నేను చేసిన ప్రయోగాలు వింటే నవ్వుతారు. పగలే కవర్లు చింపి డబ్బాలో పెట్టాను. రాత్రికి బార్లు ఒకదానికొకటి అంటుకుని ఇటుకలా అయ్యాయి. కత్తెరతో మూల కత్తిరించి పెట్టాను. చింపే చప్పుడు తగ్గింది కానీ లోపల్నుంచి బార్ పైకి తోసేటప్పుడు మళ్లీ గరగర. మా ఆయన ఇచ్చిన ఐడియా ఏంటంటే, బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి చింపమని. చేశాను. అర్ధరాత్రి తలుపు వేసుకుని, కుళాయి కింద నీళ్లు పారుతుంటే, దొంగలా నిలబడి ఓట్స్ బార్ తిన్నాను. అద్దంలో నన్ను నేను చూసుకుని నాకే నవ్వొచ్చింది.

దీనికి ముందు, మొదటి నెలలో, వేరే కంపెనీవి బిస్కెట్లు నా డబ్బులతో కొన్నాను. రుచి అట్టముక్కలా ఉండేది, అబద్ధం చెప్పను. కానీ డబ్బా మూత బొటనవేలితో తోస్తే తెరుచుకునేది. రెండు డబ్బాలు ఖాళీ చేశాను. ఈ బార్లు రుచిగా ఉన్నాయి, ఖర్జూరం తీపి, మధ్యలో గింజలు. అయినా ఇంకా మిగిలాయి. నాకిప్పుడు రుచి రెండో విషయం, ఒక చేత్తో తెరుచుకోవడం మొదటి విషయం.

ఇవి తింటే పాలు పెరిగాయా అని తప్పకుండా అడుగుతారు. నాకైతే తేడా కనిపించలేదు. పాలు ఎక్కువగా తయారవ్వాలంటే ముందు ఉన్నవి ఖాళీ అవ్వాలి, పాప ఎంత తరచుగా, ఎంత బాగా తాగితే శరీరం అంత తయారుచేస్తుంది. ఓట్స్ ఆ పని చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. పాలిచ్చే తల్లికి రోజుకి 330 నుంచి 400 క్యాలరీలు అదనంగా కావాలని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క. ఆ ఆకలికి ఒక బార్ పనికొస్తుంది, అంతవరకే. ఇందులో మెంతులు కూడా ఉన్నాయి. వారం తిన్నాక చెమట పంచదార పాకంలా వాసన రావడం మొదలైంది, కంగారుపడ్డాను, మెంతుల వల్లేనట. షుగర్ మందులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, వేరుశెనగ అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా తినకండి. కవరు మీద ఆ మాట చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

ఇప్పుడు సీసా. ఇది చూడండి. బొటనవేలు ఇక్కడ పెట్టి ఇలా జరపాలి, అంతే. చప్పుడు వినబడిందా? లేదు కదా! మళ్లీ చేస్తాను. ఇంకోసారి. నాకు ఇది ఎన్నిసార్లు చేసినా విసుగు రావట్లేదు. స్ట్రా పైకి వస్తుంది, పడుకుని కూడా తాగొచ్చు, పక్కకి ఒరిగినా కారదు. నా పాత సీసా స్టీలుది, మూత తిప్పాలి. దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి ఒక చేత్తో తిప్పేదాన్ని. ఒకరోజు మూత జారి నేల మీద పడి గుండ్రంగా తిరుగుతూనే ఉంది, తిరుగుతూనే ఉంది, పాప కళ్లు తెరిచి నన్నే చూస్తోంది.

పాప పాలు తాగడం మొదలుపెట్టిన అర నిమిషానికి గొంతు ఎండిపోతుంది మీకూ? మొదట్లో నాకేదో జబ్బు అనుకున్నాను. పాలు దిగడానికి విడుదలయ్యే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ వల్ల ఆ దాహం వేస్తుందట. అప్పుడు నీళ్లు చేతికి అందితే ప్రాణం లేచొస్తుంది. అందుకే ఈ సీసా మంచానికి అటొకటి ఇటొకటి ఉండాలని రెండోది నేనే కొన్నాను. అవును, సొంత డబ్బుతో.

కానీ సీసా పక్కన ఈ గీతలు చూడండి. ఉదయం 7 గంటలకి మొదలు, రాత్రి 9కి ఆఖరి గీత. ఒక్కో గీత దగ్గర ఒక్కో మాట, "బాగా చేస్తున్నావ్", "ఇంకొంచెం", "దాదాపు అయిపోయింది". నేను అన్నిటికంటే ఎక్కువ నీళ్లు తాగేది రాత్రి 2కి, 4కి. ఆ టైముకి గీతే లేదు! బాలింతకి రోజు 7కి మొదలై 9కి అయిపోతుందని ఎవరు చెప్పారో. పైగా దాహం లేకపోయినా నీళ్లు తాగితే పాలు పెరుగుతాయన్నదానికీ ఆధారం లేదు. దాహమేసినప్పుడు తాగితే చాలు. నేను ఆ గీతల మీద స్టిక్కర్ అంటించేశాను.

కిట్‌లో ఒక కార్డు కూడా వచ్చింది, తినకూడనివాటి జాబితా. దీన్ని చూసి నిజంగా ఒళ్లు మండింది. వెల్లుల్లి వద్దు, క్యాబేజీ వద్దు, కాలీఫ్లవర్ వద్దు, పాపకి గ్యాస్ వస్తుంది అని. మొదటి ఆరు వారాలు నేను ఇలాంటి మాటలకి భయపడే చప్పిడి తిండి తిన్నాను. పళ్లెం చూస్తే ఏడుపొచ్చేది. గ్యాస్ మన పేగుల్లో పుడుతుంది, అది పాలల్లోకి వెళ్లదు. వెళ్లేది రుచి, వాసన. జూలీ మెనెల్లా అనే శాస్త్రవేత్త బృందం 1991లో తల్లులకి వెల్లుల్లి ఇచ్చి చూసింది. పాల వాసన మారింది, అయినా పిల్లలు వదిలెయ్యలేదు, ఇంకా ఎక్కువసేపు పట్టుకుని ఉన్నారు. 2001లో వాళ్లే క్యారట్ రసంతో చేశారు. గర్భంతో ఉన్నప్పుడో, పాలిచ్చేటప్పుడో తల్లి క్యారట్ రసం తాగితే, తర్వాత ఆ పిల్లలు క్యారట్ రుచి ఉన్న తిండికి మొహం చిట్లించడం తక్కువట.

ఇది చదివాక నేను వారానికి ఒక కొత్త వంట చొప్పున తినడం మొదలుపెట్టాను. ఎప్పుడూ ముట్టనివి కూడా. మొదటిసారి వెల్లుల్లి బాగా వేసుకుని తిన్న రోజు, రెండు గంటల తర్వాత పాప పాలు తాగుతూ ఒక్క క్షణం ఆగింది. పైకి చూసింది. నుదురు ముడిచి, ఏదో లెక్క వేసుకున్నట్టు. మళ్లీ తాగడం మొదలుపెట్టింది. ఈ 4 వారాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ క్షణం, దానికీ ఈ కిట్‌కీ ఏ సంబంధం లేదు. అయితే కొందరు పిల్లలకి నిజంగానే తల్లి తాగే ఆవు పాల ప్రొటీన్ పడదు. విరేచనంలో రక్తం చారలు కనిపిస్తే మాత్రం కార్డులు చూడకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

గమ్మీలు. రెండే తిన్నాను. జుట్టు ఊడుతోంది, అది నిజం, స్నానం చేశాక చేతికి చుట్టుకుని వస్తోంది. కానీ ప్రసవమయ్యాక మూడు నాలుగు నెలలకి చాలామందికి ఊడుతుంది, తర్వాత దానంతట అదే వస్తుంది. వీటిలో ఉన్నది బయోటిన్ అనే విటమిన్. నాకు థైరాయిడ్ పరీక్ష రాసినప్పుడు డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "జుట్టుకి ఏమైనా వేసుకుంటున్నారా?" అని. బయోటిన్ ఎక్కువగా తీసుకుంటే కొన్ని రక్తపరీక్షల ఫలితాలు తప్పుగా వస్తాయి. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా హెచ్చరించింది. ప్రసవం తర్వాత థైరాయిడ్ అటూ ఇటూ అయ్యే టైములోనే మన చేతిలో ఈ డబ్బా పెడుతున్నారు. పక్కన పడేశాను.

ఇక యాప్. కటి కండరాల వ్యాయామం బాగుంది, ఒప్పుకుంటాను. కీగెల్ అనే డాక్టర్ 1948లో రాసిన పద్ధతే, బిగించడం, పట్టి ఉంచడం, వదలడం. పాలిస్తూ కూర్చుని చేసేయొచ్చు. తుమ్మితే మూత్రం జారే ఇబ్బంది నాకు కొంచెం తగ్గింది. నడక కూడా ఫర్వాలేదు. డబ్ల్యూహెచ్‌ఓ 2020లో ప్రసవించినవాళ్లకి కూడా వారానికి 150 నిమిషాల వ్యాయామం అంది, ముక్కలుముక్కలుగా చేసినా లెక్కేనట. డాక్టర్ సరే అన్నాకే మొదలుపెట్టాను.

కానీ ఈ స్ట్రీక్, అంటే ఒక్కరోజూ మానకుండా చేసిన రోజుల లెక్క, ఏంటండీ? వరసగా 6 రోజులు చేశాను, 7వ రోజు పాపకి టీకా వేయించాం, రాత్రంతా జ్వరం, నేను ఎత్తుకుని తిరుగుతూనే ఉన్నాను. పొద్దున్నే ఫోన్‌లో మెసేజ్: "అయ్యో, మీ స్ట్రీక్ పోయింది! మీ కోసం 10 నిమిషాలు కూడా లేవా?" లేవు. నిజంగా లేవు.

రోజూ "ఈరోజు ఎలా ఉన్నారు" అని అయిదు బొమ్మలు చూపిస్తుంది. నేను వరసగా నాలుగు రోజులు ఏడుపు బొమ్మ నొక్కి చూశాను, ఏమవుతుందోనని. ఏమీ అవ్వలేదు. కొత్త మెడిటేషన్ ఆడియో ఒకటి తెరుచుకుంది. ప్రసవమైన మొదటి వారంలో నేను నిజంగానే కారణం లేకుండా ఏడ్చాను, తర్వాత తగ్గింది. చెకప్‌లో ఒక కాగితం ఇచ్చారు, ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్ ఉందేమో చూడటానికి 10 ప్రశ్నలు, ఎడిన్‌బరో స్కేల్ అంటారు, 1987 నుంచి ఉంది. నింపడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఏడుపు, దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి చెప్పాలని అప్పుడే చెప్పారు. ఆ ఒక్క వాక్యమైనా ఈ యాప్‌లో ఉండాలి కదా. లేదు. తీసేశాను.

మార్కులు అడుగుతారు కాబట్టి, 5కి 2. రెండూ సీసావే. సీసా విడిగా అమ్ముతున్నారు, అది కొనుక్కోండి. బార్ల కవరు మారిస్తే మళ్లీ పంపమని కంపెనీవాళ్లకి మెయిల్ పెట్టాను, "మీ సూచన మాకు విలువైనది" అని జవాబొచ్చింది. ఇంకా 9 బార్లు మిగిలాయి. రేపట్నుంచి మా ఆయన ఆఫీసుకి పట్టుకెళ్తానన్నాడు. అక్కడ ఎంత గట్టిగా చింపినా ఎవరూ లేవరట.