కౌంట్ నార్మల్ అయింది కదా అని మాత్ర ఆపకండి

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ పేషెంట్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు అని చెప్పారు, వెనకేమో బయోటెక్నాలజీ చదివే పిల్లలున్నారు. అందరికీ కలిపే మాట్లాడతాను, ఎందుకంటే ఈ జబ్బులో ల్యాబ్‌లో ఏం తేలిందో తెలిస్తేనే ఇంట్లో మాత్ర ఎందుకు మానకూడదో సరిగ్గా బుర్రకెక్కుతుంది. నేను డాక్టర్ని కాదండీ, మాలిక్యులర్ బయాలజీ చదువుకున్నదాన్ని. ఎవరికి ఎంత డోసు అనేది మీ హెమటాలజిస్టే, అంటే రక్త జబ్బుల డాక్టరే చెప్పాలి, ఆ మాత్ర లోపలికెళ్లి ఏం చేస్తుందో నేను చెప్తాను.

సీఎంఎల్ అంటే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, ఒక రకం బ్లడ్ క్యాన్సర్. తెల్ల రక్తకణాలు మామూలుగా మైక్రోలీటరుకి 4 వేల నుంచి 11 వేల దాకా ఉండాలి, ఇందులో చాలాసార్లు లక్ష దాటిపోతాయి. చాలామందికి నీరసం, బరువు తగ్గడం, ఎడమ పక్క డొక్కలో బరువుగా ఉండటం, అది ప్లీహం పెరగడం వల్ల. కొంతమందికైతే ఏ లక్షణమూ ఉండదు, వేరే దేనికో సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చూసే టెస్టు, చేయిస్తే బయటపడుతుంది. అమెరికా, యూరప్‌లలో ఇది ఎక్కువగా అరవై దగ్గరపడ్డవాళ్లలో, ఆ పైబడ్డవాళ్లలో కనిపిస్తుంది, మన దేశంలో మాత్రం ముప్పైల్లో నలభైల్లో ఉన్నవాళ్లకే ఎక్కువ వస్తోంది, అంటే పిల్లల చదువులు, ఇంటి లోన్లు నెత్తిన ఉన్న వయసులో. అందుకే ఈ జబ్బు గురించి మాట్లాడాలంటే నాకు ఒక రకమైన తొందర ఉంటుంది.

ఇప్పుడు కథ 1960కి వెళ్తుంది, అమెరికాలో ఫిలడెల్ఫియా. పీటర్ నోవెల్ అనే ఆయన లుకేమియా కణాల్ని మైక్రోస్కోపు కింద చూస్తున్నాడు, స్లైడుని మామూలు కుళాయి నీళ్లతో కడిగాడు. ఆ నీళ్లకి కణాలు ఉబ్బి లోపలి క్రోమోజోములు, అంటే జీన్లని మోసే పోగులు, విడివిడిగా పరుచుకున్నాయి, అప్పటిదాకా ఒకదాని మీద ఒకటి పడి సరిగ్గా కనిపించనివి లెక్కపెట్టడానికి వీలయ్యాయి. క్రోమోజోములు బాగా తెలిసిన డేవిడ్ హంగర్‌ఫోర్డ్ అనే స్టూడెంటుతో కలిసి చూస్తే సీఎంఎల్ పేషెంట్ల కణాల్లో ఒక క్రోమోజోము ఉండాల్సినదానికంటే పొట్టిగా ఉంది. అదే ఫిలడెల్ఫియా క్రోమోజోము, మీ రిపోర్టుల్లో ఇప్పటికీ ఆ పేరే రాస్తారు. అప్పట్లో చాలామంది అది జబ్బు వల్ల వచ్చిన మార్పే గానీ జబ్బుకి కారణం అయ్యుండదన్నారు.

తర్వాత పదమూడేళ్లకి షికాగోలో జానెట్ రౌలీ ఆ తగ్గిపోయిన ముక్క ఎక్కడికి పోయిందో పట్టుకున్నారు. ఆవిడ నలుగురు పిల్లల తల్లి, చాలా ఏళ్లు పార్ట్‌టైమ్‌గానే పనిచేశారు. క్రోమోజోముల ఫొటోలు ఇంటికి తెచ్చుకుని డైనింగ్ టేబుల్ మీద పరిచి, కత్తిరించి, ఒక్కోటి జత కలుపుతూ చూస్తే 22వ క్రోమోజోములో తగ్గిన ముక్క 9వ దాని చివర అతుక్కుని ఉంది. 1973లో అచ్చయింది ఇది. 9వ దాని ముక్క ఇటు వచ్చిందని తర్వాత 1980ల్లో తేలింది. ముక్క ఎక్కడికీ పోలేదు, రెండూ మార్చుకున్నాయి. వెనకున్న పిల్లలకి చెప్తున్నా, గొప్ప మెషీన్లు లేకపోయినా ఓపిగ్గా చూడటం అనేది కూడా సైన్సే, నాకు ఈ ఫీల్డులో అందరికంటే ఎక్కువ గౌరవం ఉన్నది ఈవిడ మీదే.

1980ల్లో తేలిందేంటంటే, ఆ మార్పిడి జరిగిన చోట రెండు జీన్లు అతుక్కుపోతున్నాయి, 22 మీద ఉండే బీసీఆర్, 9 మీద ఉండే ఏబీఎల్. ఏబీఎల్ తయారుచేసే ప్రొటీన్ ఒక కైనేజ్, అంటే కణంలో ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేటు తీసి వేరే ప్రొటీన్‌కి తగిలిస్తుంది, అలా తగిలిస్తే ఆ ప్రొటీన్‌కి "ఇంక విభజన మొదలుపెట్టు" అని కబురు అందినట్టు. మామూలు ఏబీఎల్ అవసరమైనప్పుడే పనిచేసి ఆగిపోతుంది. బీసీఆర్ అతుక్కున్నది ఆగదు, స్టార్టర్ ఆన్‌లో ఇరుక్కుపోయిన బోరు మోటర్‌లాగా చేను మునిగిపోతున్నా కొడుతూనే ఉంటుంది. ఎలుకల ఎముక మజ్జ కణాల్లోకి ఈ ఒక్క జీన్ పెడితే చాలు, వాటికి సీఎంఎల్ లాంటి జబ్బు వచ్చిందని 1990లో చూపించారు, దాంతో ఇదే కారణం అని రుజువైంది.

ఇక్కడ మన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోవాలి. భీమవరంలో పుట్టి అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో పనిచేసిన ఆయన టీమే అమినోప్టెరిన్ తయారుచేసింది, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా వచ్చిన పిల్లలకి ఇస్తే 1948లో మొదటిసారి జబ్బు కొన్నాళ్లైనా వెనక్కి తగ్గింది, అంతకుముందు ఆ పిల్లలకి ఏ ఆశా లేదు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుతున్నారు. ఆ మందులు విభజన చెందే కణాలకి ఫోలిక్ ఆసిడ్ అందకుండా చేస్తాయి, అందుకని మంచి కణాలకీ దెబ్బ తగులుతుంది, జుట్టు రాలడం, నోటి పుళ్లు, ఇవన్నీ అందుకే. సీఎంఎల్‌కి వచ్చిన మందు వేరే దారి, జబ్బు కణంలో మాత్రమే ఉన్న ఆ ఒక్క ప్రొటీన్ మీద గురిపెట్టడం.

స్విట్జర్లాండులో సీబా గైగీ కంపెనీలో నికొలస్ లైడన్ టీము కైనేజుల్ని ఆపే అణువులు తయారుచేస్తోంది, వాటిలో కొన్ని బ్రయాన్ డ్రూకర్ అనే డాక్టర్ దగ్గరికి వచ్చాయి. పోర్ట్‌లాండ్‌లో ఆయన ల్యాబ్‌లో ఒకటి సీఎంఎల్ కణాల్ని చంపేసి మామూలు కణాల్ని దాదాపు వదిలేసింది. ఆ అణువు వెళ్లి ఏబీఎల్‌లో ఏటీపీ కూర్చోవాల్సిన గుంటలో కూర్చుంటుంది, ఏటీపీకి చోటుండదు, ఫాస్ఫేటు దొరకదు, కబురు ఆగిపోతుంది. అదే ఇమాటినిబ్. పేషెంట్లు తక్కువమంది, అమ్మకాలేం ఉంటాయని కంపెనీలో చాలామంది వెనకాడారు, డ్రూకర్ వదల్లేదు, 1998 జూన్‌లో మనుషుల మీద ట్రయల్ మొదలైంది. రోజుకి 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తం కౌంట్లు నార్మల్‌కి వచ్చేశాయి. వీళ్లంతా అంతకుముందు వాడిన ఇంటర్‌ఫెరాన్ అనే మందు పనిచేయనివాళ్లు లేదా దాన్ని తట్టుకోలేనివాళ్లు. 2001 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందు ఈ జబ్బు తెలిశాక చాలామంది బతికింది నాలుగైదేళ్లు, మజ్జ మార్పిడి చేయించుకోగలిగినవాళ్ల సంగతి వేరు. పెద్ద ట్రయల్‌లో ఇమాటినిబ్‌తో మొదలుపెట్టినవాళ్లలో పదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు 83 శాతం.

ధర సంగతి కూడా చెప్పి ముందుకెళ్తా. కంపెనీ బ్రాండు మందు ఇక్కడ నెలకి లక్షా 20 వేల రూపాయల దాకా అయ్యేది, మన జెనెరిక్ మందు పదివేల లోపే, దాన్ని తయారుచేసినవాళ్లలో హైదరాబాద్ నాట్కో ఒకటి. సీబా గైగీ తర్వాత ఇంకో కంపెనీతో కలిసి నోవార్టిస్ అయింది, పేటెంట్ కావాలని ఆ నోవార్టిస్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2013 ఏప్రిల్ 1న కోర్టు కుదరదంది. తర్వాత ధర ఇంకా తగ్గింది. ఆ తీర్పు వల్ల ఎన్ని ఇళ్లు నిలబడ్డాయో ఈ హాల్లో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. మందు మొదలుపెట్టిన ఒకటి రెండు నెలల్లో సీబీపీ నార్మల్ వస్తుంది, ప్లీహం తగ్గుతుంది, ఆకలేస్తుంది, మనిషి పనికి పోతాడు. అప్పుడే ఇంట్లో అంటారు, బాగైపోయావు కదా ఇంకా ఎందుకు మాత్రలు, వేడి చేస్తుంది, లివర్ పాడైపోతుంది అని. ఆ సమయంలో లోపల లెక్క చూడండి. జబ్బు బయటపడేటప్పటికి ఒంట్లో లుకేమియా కణాలు సుమారు లక్ష కోట్లు ఉంటాయి. సీబీపీ నార్మల్ అయిన రోజున కూడా ఇంకా వేల కోట్లు ఉంటాయి. సీబీపీ కౌంట్ చూసేదే గానీ ఏ కణంలో ఏ జీన్ ఉందో దానికి తెలీదు. అందుకే బీసీఆర్ ఏబీఎల్ పీసీఆర్ టెస్టు చేయమంటారు, అది ఆ అతుకు జీన్ కాపీల్ని లెక్కపెడుతుంది, లక్ష కణాల్లో ఒక్కటున్నా పట్టేంత సూక్ష్మంగా. 3 నెలలకి 10 శాతం లోపు, 6 నెలలకి 1 శాతం లోపు, ఏడాదికి 0.1 శాతం లోపు రావాలని చూస్తారు. ఆ 0.1 శాతం వచ్చినా ఒంట్లో వంద కోట్ల దాకా ఉండొచ్చు. వాటిలో కొన్ని మూలకణాలు, మజ్జలో కదలకుండా పడుకుని ఉంటాయి, ఇమాటినిబ్ వాటిని చంపలేదు, వాటి నుంచి పుట్టుకొచ్చేవాటినే ఆపుతుంది. మాత్ర ఆగితే గుంట ఖాళీ అవుతుంది, ఏటీపీ వచ్చి కూర్చుంటుంది, మళ్లీ మొదలు.

పూర్తిగా ఆపడం ఒక్కటే ప్రమాదం అనుకోకండి. లండన్‌లో ఒక స్టడీ చేశారు, 2010లో వచ్చింది, ఇమాటినిబ్ ఏళ్ల తరబడి వాడుతున్న 87 మందికి మూతలో చిప్ పెట్టిన సీసాలిచ్చి మూడు నెలలు చూశారు, మూత తీసిన ప్రతిసారీ అది నమోదవుతుంది. 90 శాతం కంటే ఎక్కువ రోజులు వేసుకున్నవాళ్లలో పీసీఆర్ మంచి స్థాయికి తగ్గే అవకాశం 94.5 శాతం, 90 లేదా అంతకంటే తక్కువ వేసుకున్నవాళ్లలో 28.4 శాతం. నెలకి మూడు మాత్రలు తప్పితేనే ఆ గీత దగ్గరికొచ్చేస్తాం. మూడంటే ఎంతండీ, ఒక పెళ్లి, ఒక తిరుపతి ప్రయాణం, మందుల షాపులో స్టాకు లేని ఒక రోజు. నాకైతే ఈ జబ్బు మీద చదివినవాటిలో అన్నిటికంటే భయపెట్టిన లెక్క ఇదే.

అలా జబ్బు కణాల మీద మందు ఒత్తిడి సగం సగంగా ఉన్నప్పుడు ఇంకోటి కూడా జరగొచ్చు, మ్యుటేషన్, అంటే జీన్‌లో మార్పు. ఏబీఎల్ ప్రొటీన్‌లో 315వ స్థానంలో త్రియొనిన్ అనే అమైనో ఆసిడ్ ఉంటుంది, ఇమాటినిబ్ దాన్ని పట్టుకునే ఆ గుంటలో కూర్చుంటుంది. అక్కడ ఐసోల్యూసిన్ వచ్చిందంటే ఆ పట్టు పోతుంది, పైగా అది లావుగా అడ్డం వస్తుంది, మందు కూర్చోలేదు. 2001లోనే చార్ల్స్ సాయర్స్ వాళ్లు చూపించారు ఇది. తర్వాత డాసాటినిబ్, నిలోటినిబ్ అనే మందులు వచ్చాయి, అవి చాలా మ్యుటేషన్ల మీద పనిచేస్తాయి గానీ ఈ 315 మీద చేయవు, దానికి 2012లో పోనాటినిబ్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆసిమినిబ్ అనేది ఏటీపీ గుంట జోలికే పోకుండా ప్రొటీన్‌లో ఇంకో చోట కూర్చుంటుంది. అంటే దారులున్నాయి, కానీ కొత్త మందులు ఖరీదు, కొన్నిటితో గుండెకి, రక్తనాళాలకి ఇబ్బంది, ఉన్న చవక మందు పనిచేస్తుండగా దాన్ని చేజేతులా పోగొట్టుకోవడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది.

మరి జీవితాంతమా అని అడుగుతారు. ఫ్రాన్స్‌లో ఏళ్ల తరబడి మందు వాడి, కనీసం రెండేళ్లుగా పీసీఆర్‌లో అసలు ఏమీ కనిపించని 100 మందికి మందు ఆపి చూశారు. ఏడాదికి సుమారు 40 శాతం మందికి జబ్బు తిరిగి రాలేదు. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి మొదటి ఆరేడు నెలల్లోనే వచ్చింది, మళ్లీ మందు మొదలుపెడితే తగ్గింది. కాబట్టి ఆపడం అనేది ఉంది, కానీ అది డాక్టరు చెప్పాకే, మొదట్లో నెలనెలా పీసీఆర్ చేయించుకుంటూ. మనంతట మనం ఆపడం వేరే సంగతి.

కళ్ల కింద వాపు, పిక్కలు పట్టేయడం, వికారం వస్తే మాత్ర మానకుండా డాక్టరుకి చెప్పండి, చాలావాటికి మార్గం ఉంది. అన్నం తిన్నాక పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకోండి. ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోవద్దు. పసరు మందు, ఆయుర్వేదం, ఏది వాడుతున్నా దాచకుండా చెప్పండి, కొన్ని ఇమాటినిబ్‌ని లివర్‌లో త్వరగా కరిగించేస్తాయి. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి, ఆ సమయంలో ఈ మందు వాడకూడదు, దానికి ముందుగానే ప్లాన్ వేస్తారు. పీసీఆర్ రిపోర్టులన్నీ తేదీల ప్రకారం ఒకే ఫైల్లో పెట్టుకోండి, వీలైతే ఒకే ల్యాబ్‌లో చేయించండి. ఆ నంబరు తగ్గడం ఆగిపోయినా, పెరిగినా మ్యుటేషన్ టెస్టు అవసరమా అని మీరే అడగండి.

రిపోర్టులు తెచ్చుకున్నవాళ్లు ఇటు పక్క హెమటాలజీ డాక్టరు గారి టేబుల్ దగ్గరికి రండి, స్టూడెంట్లు నన్ను అడగండి, నేను ఇక్కడే ఉంటాను.