లైసెన్సు సరే, రెయిలింగ్ సంగతేంటి?

(డాలస్ దగ్గర ఒక స్టేట్ పార్కులో తెలుగువారి కార్తీక వనభోజనాల సందర్భంగా చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. అధ్యక్షులు గారికి, కార్యవర్గానికి, తెల్లారకుండానే వచ్చి టేబుళ్లు పట్టుకున్న కుర్రాళ్లకి, అందరికీ కలిపి ఒకటే దండం. నాకిచ్చింది పది నిమిషాలు. అందులో నాలుగు ఈ కర్రలతో ఇక్కడిదాకా రావడానికే పోయాయి.

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఈసారి మన వనభోజనాలు వెటరన్స్ డే వారంలో పడ్డాయి, మాజీ సైనికుల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. సరే, చేపల లైసెన్సు గురించి చెబుతానన్నాను. అవతలి నుంచి కాసేపు ఉలుకూ పలుకూ లేదు. "కార్తీక మాసంలోనా, మాస్టారూ?" అన్నారు. తినమనడం లేదమ్మా, వినమంటున్నాను.

ముందు ఒక సంగతి. ఇక్కడ ఎంతమంది దగ్గర టెక్సాస్ ఫిషింగ్ లైసెన్సు ఉంది? చేతులెత్తండి. ఒకటి, రెండు... అంతేనా? మరి ఇందాక ఆ ఒడ్డున గాలాలు వేసుకుని కూర్చున్న బాబాయిలంతా ఎవరు? కంగారు పడకండి, స్టేట్ పార్కు లోపల ఒడ్డు మీద నుంచో జెట్టీ మీద నుంచో పట్టుకుంటే లైసెన్సు అక్కర్లేదు. గేటు దాటి ఇంకో లేక్‌కి వెళితే మాత్రం కావాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకీ కావాలి, వాళ్లు నాన్ రెసిడెంట్ కింద లెక్క. "మా నాన్నగారికి డెబ్బై దాటాయి, ఆయన్నెవరడుగుతారు" అనుకోవద్దు. వేట, చేపల రూళ్లు చూసే అధికారి, గేమ్ వార్డెన్, అడుగుతాడు. వయసు మినహాయింపు 1931 జనవరి 1కి ముందు పుట్టిన ఇక్కడి నివాసులకే.

సరే, సైనికుల దగ్గరికి వస్తాను. మనవైపు వేట ముచ్చట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతోనే ముగిసింది. కాబట్టి వేటకి లైసెన్సు, దానికి సీజను, అందులో ఫలానావాళ్లకి రాయితీ అంటే మనకి వింతగా ఉంటుంది. ఇక్కడ నవంబర్ మొదటి శనివారం జింకల సీజను మొదలైతే మీ ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ. టెక్సాస్‌లో చట్టరీత్యా చూపు లేనట్టు లెక్కకొచ్చే మనిషి కూడా వేటాడొచ్చు. లేజర్ గురి పరికరం వాడుకోవచ్చు, పక్కన చూపూ, వేట లైసెన్సూ ఉన్న మనిషి సాయంగా ఉండాలి. నేనిది మా ఆవిడకి చెబితే నమ్మలేదు.

వేట, చేపలు రెండూ కలిపిన లైసెన్సుని సూపర్ కాంబో అంటారు. మామూలుగా 68 డాలర్లు. సైన్యంలో పనిచేస్తూ అంగవైకల్యం వచ్చి, మాజీ సైనికుల బాగోగులు చూసే కేంద్ర వెటరన్స్ శాఖ 50 శాతం గానీ ఆపైన గానీ రాసిస్తే అది ఉచితం. ఆ సైన్యం పనిలోనే కాలో పాదమో పనికిరాకుండా పోయినా ఉచితమే. చాలా మంచి రూలు. దీన్ని తప్పుపట్టడానికి నేను రాలేదు.

అయితే ఆ 50 శాతం ఎలా వస్తుందో మావాడి కథ చెప్పాలి. మావాడంటే మన గుంటూరు వైపు కుర్రాడే, ఇక్కడ ఎమ్మెస్ చేసి, అందరూ కంప్యూటర్ల ముందు కూర్చుంటుంటే తను వెళ్లి అమెరికా సైన్యంలో చేరాడు. అఫ్గానిస్తాన్‌లో బండి మీద నుంచి పడి మోకాలు, నడుము పోయాయి. పేరు చెప్పొద్దన్నాడు. ఇటువైపు చూసి నవ్వుతున్నాడు, అయినా చెప్పను.

మోకాలికి 30 శాతం రాశారు. నడుముకి 20. మనవాడు ఇంజినీరు కదా, 30కి 20 కలిపితే 50, సూపర్ కాంబో వచ్చేసినట్టే అనుకున్నాడు. రాలేదు. కాగితంలో 40 అని ఉంది! ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని ఫోన్ చేశాడు. గంటసేపు పాట వినిపించాక ఒకావిడ లెక్క చెప్పింది. ఆషాఢం సేల్‌లో 30 శాతం తగ్గింపు మీద మరో 20 శాతం అని బోర్డు పెడతారు చూడండి, సగం ధరకే వస్తుందని మనం పరిగెత్తుకెళతామే, అచ్చం అదే లెక్క. మోకాలికి 30 పోతే మనిషిలో మిగిలింది 70. నడుముకిచ్చే 20 శాతాన్ని ఆ 70లోంచి తీస్తారు. అది 14. మొత్తం 44. దాన్ని దగ్గరి పదికి సవరిస్తే 40. పది శాతం తక్కువైంది, చేప తప్పించుకుంది.

ఇంకా ఉంది, వినండి. ఒకరోజు మా ఇంట్లో టీవీ చూస్తూ సౌండ్ పెంచమన్నాడు, మళ్లీ పెంచమన్నాడు. ఏంట్రా అంటే, "చెవిలో ఎప్పుడూ ఒక హోరు అంకుల్, అక్కణ్ణుంచి వచ్చినప్పటినుంచీ" అన్నాడు. అది రాయించావా అన్నాను. "చెవిలో హోరు కూడా జబ్బేనా?" అన్నాడు. ఈ దేశంలో మాజీ సైనికులకి పరిహారం ఇస్తున్న వైకల్యాల్లో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్నది అదే, టిన్నిటస్ అంటారు. దరఖాస్తు పెట్టించాం. పది శాతం ఇచ్చారు. మళ్లీ లెక్క కట్టండి. 44 పోగా మిగిలింది 56, అందులో పదో వంతు 5.6, కలిపితే 49.6. సవరిస్తే 50! మోకాలు చెయ్యలేని పని, నడుము చెయ్యలేని పని చెవి చేసింది.

వెంటనే వెళ్లి ఉచిత లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ సంబరంలో మమ్మల్నందర్నీ ఇలాంటి పార్కుకే తీసుకొచ్చాడు. గేటు దగ్గర ప్రవేశ రుసుం అడిగారు. కాగితం చూపించాడు. స్టేట్ పార్కులో వైకల్యమున్న వెటరన్లకి ప్రవేశం ఉచితం కావాలంటే 60 శాతం ఉండాలట! లైసెన్సుకి 50, గేటుకి 60. రెండు రూళ్లూ ఒకే రాష్ట్ర శాఖవి. డబ్బులు కట్టి లోపలికెళ్లాం. లోపల లైసెన్సు అక్కర్లేదని ఇందాకే చెప్పాను కదా. అంటే ఉచిత లైసెన్సు పనికొచ్చే చోట పార్కు లేదు, పార్కులో లైసెన్సుతో పని లేదు. మావాడు ఆ కార్డుని జేబులోంచి తీసి చూసుకుని మళ్లీ పెట్టేసుకున్నాడు.

కార్యదర్శి గారు వాచీ చూస్తున్నారు. అసలు విషయానికి ఇప్పుడే వచ్చాను తల్లీ, రెండే నిమిషాలు.

నేను సైన్యంలో పనిచెయ్యలేదు. మా ఊరు తాడేపల్లిగూడెం దగ్గర, పక్కనే మిలిటరీ మాధవరం. ఇంటింటా సైనికులున్న ఊరు అది. మా ఈడు పిల్లలంతా సెలెక్షన్లకి పరిగెత్తడం ప్రాక్టీసు చేస్తుంటే నేను కాలవ గట్టున కూర్చుని చూసేవాణ్ణి. రెండో ఏట పోలియో వచ్చింది. మా తరంలో ఊరికిద్దరు ముగ్గురం ఉండేవాళ్లం. ఇండియాలో సహజంగా సోకే పోలియో చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది, ఇప్పటి పిల్లలకి ఆ జబ్బు పేరు కూడా తెలీదు, సంతోషం. మా అన్నయ్య నన్ను భుజాన వేసుకుని కాలవ దగ్గరికి తీసుకెళ్లి, ఎర్రలు తవ్వి కొబ్బరి చిప్పలో పోసి, గాలం చేతికిచ్చి బడికి పోయేవాడు. బెండు మునిగితే లాగడమే నా పని. జెల్లలు పడేవి. అదృష్టం బాగుంటే కొర్రమీను. దానికి కాళ్లతో పనిలేదు. ఊళ్లో నేను మిగతా పిల్లలతో సమానంగా చెయ్యగలిగిన పని అదొక్కటే, నిజానికి వాళ్లకంటే బాగానే చేసేవాణ్ణి.

అమెరికాకి మొదట కాలిఫోర్నియా వచ్చాను. అక్కడ చక్రాల కుర్చీ, వాకర్, మోచేతి కర్రలు లేకుండా కదల్లేనివాళ్లకి ఫిషింగ్ లైసెన్సు పూర్తిగా ఉచితం. చూపు లేనివాళ్లకీ అంతే. మాజీ సైనికుడైతే 50 శాతం వైకల్యం దాటినా ఉచితం కాదు, బాగా తగ్గించిన ధర. తర్వాత ఉద్యోగరీత్యా టెక్సాస్ వచ్చాను. కౌంటర్ దగ్గర అమ్మాయి నా కర్రలు చూసి చాలా గౌరవంగా "వెటరనా సార్?" అంది. కాదమ్మా, పోలియో అన్నాను. పాపం ఏం చెప్పాలో తెలీక స్క్రీన్‌లో వెతికింది. చట్టరీత్యా చూపు లేనివాళ్లకి తక్కువ ధర లైసెన్సు ఉంది. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకి, లైసెన్సున్న కుటుంబ సభ్యులు దగ్గరుండి చూసుకుంటే, అసలు లైసెన్సే అక్కర్లేదు. ఈ రెండోది బాగా గుర్తుపెట్టుకోండి. ఇక్కడ అలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు ఉన్నారు, ఎప్పుడూ వాళ్లని ఇంట్లో వదిలేసి వస్తారు. వచ్చే నెల తీసుకురండి, నేను గాలం పట్టించడం నేర్పుతాను. సరే, కాళ్లు పనిచెయ్యని నాలాంటివాడికి మాత్రం టెక్సాస్ జాబితాలో ఏమీ లేదు. మంచినీటి చేపల లైసెన్సు 30 డాలర్లు. కట్టాను.

ఒకే మనిషి, అవే కర్రలు. రాష్ట్రం సరిహద్దు దాటితే ధర మారింది. ఫ్లోరిడాలో అయితే పూర్తి, శాశ్వత వైకల్యం ఉందని కేంద్రం వారి సోషల్ సెక్యూరిటీ సంస్థ ధ్రువీకరించినా, వెటరన్స్ శాఖ ధ్రువీకరించినా ఒకటే, ఉచితం. ఏ రాష్ట్రం న్యాయం చేసింది? నా మట్టుకు నాకు, మావాడికిచ్చేది దేశం తీర్చుకుంటున్న బాకీ. అందులో నేను వాటా అడగను. నాకు ఎవరూ బాకీ లేరు.

పైగా 30 డాలర్లు కట్టడం నాకిష్టమే, ఎందుకో చెబుతాను. గాలాలు, రాడ్ల మీద కేంద్రం వసూలు చేసే ఎక్సైజ్ పన్ను 1950 చట్టం కింద రాష్ట్రాలకి పంచుతారు. ఆ పంపకంలో 60 శాతం, డబ్బు కట్టి లైసెన్సు తీసుకున్నవాళ్లెంతమంది అన్నదాన్ని బట్టి. ఊరికే తీసుకున్నవాడు ఆ లెక్కలోకి రాడు. నేను కడితే లెక్కలో ఉంటాను. లెక్కలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ డబ్బుతో నాకేం చేశారని అడుగుతాను.

ఇప్పుడు వినండి, దీనికోసమే వచ్చాను. మా ఇంటికి దగ్గర్లో ఒక ఊరి చెరువుకి పియర్, అంటే గాలం వేసుకోవడానికి నీళ్లలోకి కట్టిన వంతెన లాంటిది, ఉంది, ఊరి పేరు చెప్పను. రెండేళ్లుగా నేను కర్రలు తగ్గించి చక్రాల కుర్చీ వాడుతున్నాను. కార్ పార్కింగ్ నుంచి పియర్ దాకా సిమెంటు దారి వేశారు, ర్యాంప్ ఉంది, నీలం బోర్డు ఉంది. చివరిదాకా హాయిగా వెళ్లిపోతాను. అక్కడ రెయిలింగ్ ఉంది. ఎత్తు 42 అంగుళాలు. కుర్చీలో కూర్చుంటే పైకడ్డీ సరిగ్గా నా కళ్లకి అడ్డంగా వస్తుంది. దాని కిందనుంచి చూస్తే నీళ్లు కనిపిస్తాయి, గాలం వెయ్యలేను. పైనుంచి వెయ్యాలంటే చేతులు చెవుల పైకెత్తాలి, చేప పడితే వంచి లాగే వీలుండదు. పదేళ్ల పిల్లాడికీ అదే ఇబ్బంది, చూసుకోండి.

వికలాంగుల హక్కుల చట్టం కింద కేంద్రం పెట్టిన 2010 ప్రమాణాల్లో ఫిషింగ్ పియర్లకి ప్రత్యేకంగా ఒక సెక్షన్ ఉంది. రెయిలింగ్‌లో కనీసం నాలుగోవంతు 34 అంగుళాలకి మించకూడదు, అవి కూడా ఒక్కచోటే కాకుండా పియర్ పొడవునా అక్కడక్కడా ఉండాలి. ఎవరో కుర్చీలో కూర్చున్న మనిషే రాసి ఉంటాడనిపిస్తుంది. కానీ దాని కిందే ఒక మినహాయింపు. భవన నిర్మాణ నియమావళి చెప్పిన పద్ధతిలో పడిపోకుండా రక్షణ అడ్డు కడితే, ఈ 34 పాటించనక్కర్లేదు. నేను నగరపాలక వాళ్లకి ఉత్తరం రాస్తే మర్యాదగా జవాబిచ్చారు, మా పియర్ నిబంధనల ప్రకారమే ఉంది సార్ అని. నిజమే. నేను కోర్టుకెళితే ఓడిపోతాను.

కాబట్టి అడగాలి. చట్టం చెయ్యమన్నా చెయ్యకున్నా, ఒక్క ఎనిమిదడుగుల మేర ఆ కడ్డీని ఎనిమిది అంగుళాలు కిందికి దించమని అడగాలి. లక్షల ప్రాజెక్టు కాదు. వెల్డర్‌కి ఒక పూట పని. మనవాళ్లు ఆ ఊళ్లో ఎంతమంది ఇళ్లు కొనుక్కున్నారో నాకు తెలుసు. ప్రాపర్టీ టాక్స్ కట్టేటప్పుడు మీరు పడే బాధా తెలుసు. కౌన్సిల్ మీటింగుల్లో జనం మాట్లాడటానికి మూడేసి నిమిషాలిస్తారు. ఇంతవరకూ ఆ మైకు దగ్గరికి మనవాళ్లెవరూ వెళ్లగా నేను చూడలేదు, పార్కింగ్ గొడవకి తప్ప.

వెటరన్స్ డే అన్నారు కాబట్టి ఇదీ చెబుతున్నాను. మావాడికి వయసు పెరిగేకొద్దీ ఆ మోకాలు ఇంకా మొరాయిస్తుంది. ఉచిత లైసెన్సు జేబులో ఉంటుంది, వాడూ ఏదో ఒకరోజు కుర్చీలో కూర్చుంటాడు. అప్పుడు వాడి కళ్లకీ అదే కడ్డీ అడ్డం.

కార్యదర్శి గారు లేచి నిలబడ్డారు, అర్థమైంది. పులిహోర గిన్నె పక్కన అట్ట మీద ఒక కాగితం క్లిప్పు పెట్టి ఉంచాను, పెన్ను దారంతో కట్టాను. అది ఆ నగర కౌన్సిల్‌కి అర్జీ. ఆ ఊళ్లో ఉండేవాళ్లు సంతకం పెట్టి, పక్కన జిప్ కోడ్ కూడా రాయండి. మిగతా ఊళ్లవాళ్లు మీ దగ్గరి పియర్‌కి ఈ వారం ఒక టేపు పట్టుకెళ్లి కడ్డీ ఎత్తు కొలిచి నాకు వాట్సాప్ చెయ్యండి. కౌన్సిల్ మీటింగ్ మంగళవారం సాయంత్రం ఏడింటికి. నా కారులో మూడు సీట్లున్నాయి, వెనక డిక్కీలో కుర్చీ ఉంటుంది కాబట్టి మీ సామాన్లు మాత్రం పట్టవు. నమస్కారం.