వాకిలి మూసేదా?

సభకు నమస్కారం. పెద్దల పేర్లు ఇందాకే విన్నారు కాబట్టి నేను మళ్లీ చదవను. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున నన్ను పిలిచి, తమిళ కథకుడు కి. రాజనారాయణన్ గురించి చెప్పమన్నారు. ఈ ఇద్దర్నీ ఒక్క పూట తలుచుకునే భాగ్యం నాకు మళ్లీ దొరకదు.

కి.రా. 1923 సెప్టెంబరులో తమిళనాడులోని కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. అది నల్లరేగడి నేల, అక్కడివాళ్లు కరిసల్ అంటారు. వాన పడితేనే పత్తి, వాన పడితేనే సజ్జ. అదే ఊళ్లో, అదే నెలలో ఇంకో తమిళ కథకుడు కు. అళగిరిసామి పుట్టారు. ఆయనదీ తెలుగిల్లే. అళగిరిసామికి పోయాక 1970లో, కి.రా.కు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ చిన్న ఊరిని ఒక్కసారి తలుచుకోండి!

కి.రా.కు పెద్ద చదువు లేదు. వానకు బడి పంచన చేరాననీ, చేరి కూడా వాననే చూస్తూ ఉండిపోయాననీ ఆయనే చెప్పుకున్నారు. సేద్యం చేశారు, రైతుల పోరాటాల్లో తిరిగారు. మొదటి కథ ‘మాయమాన్’ వచ్చేసరికి ఆయనకు ముప్పై అయిదేళ్ల దాకా ఉంటాయి.

నేను చెప్పాల్సింది ‘కదవు’ అనే కథ గురించి. కదవు అంటే తలుపు. పేదింటి పిల్లలు తలుపెక్కి ఊగుతూ బస్సాట ఆడతారు. ఒకడు టిక్కెట్లిస్తాడు, మిగతావాళ్లు ఊరి పేర్లు అరుస్తారు. ఒకరోజు తలారి వచ్చి, శిస్తు బకాయి కింద ఆ తలుపును ఊడదీసి మోయించుకుపోతాడు. తండ్రి దూరాన మణిముత్తారుకు కూలికి పోయాడు, ఉత్తరం ముక్క లేదు. తలుపు లేని ఇంట్లోకి చలిగాలి కొడుతుంది. చంటిబిడ్డ చనిపోతాడు. తర్వాతెప్పుడో పిల్లలకు చావడి వెనక, చెదలు పట్టి, ఆ తలుపు కనబడుతుంది. దాన్ని తుడిచి, పట్టుకుని ఏడుస్తారు. అక్కడితో కథ అయిపోతుంది. సర్కారును తిట్టిన మాట ఒక్కటి లేదు. నేను చదివిన ప్రతిసారీ ఆ ‘టిక్కెట్’ దగ్గరే గొంతు పట్టేస్తుంది.

నేనూ ఆ నేలవాణ్ణే. మా అవ్వ పగలంతా గడపలో కూచుని అగ్గిపెట్టెలు అంటించేది. నీలం కాగితం, గిన్నెలో మైదా జిగురు, వేళ్లకు ఎండిన పొర. గ్రోసుకు, అంటే నూట నలభై నాలుగు పెట్టెలకు, ఇంతని కూలి. లెక్క మాత్రం ఒకటి, రెండు, మూడు అని తెలుగులోనే. పొద్దుగూకితే నన్ను కేకేసేది: “ఒరే, వాకిలి ముయ్యిరా, గాలి కొడ్తాంది!”

మా ఇంట్లో తలుపును వాకిలి అనే అంటాం.

1986లో తెలుగు అయ్యవారి ఉద్యోగానికని ఆంధ్రాలో ఒక బడికి పోయాను. లిపి సొంతంగా నేర్చుకున్నాను, పరీక్షలన్నీ గట్టెక్కాను. ఇంటర్వ్యూ గదిలోకి అడుగుపెట్టి, వెనక్కి తిరిగి, మర్యాదగా అడిగాను: “అయ్యా, వాకిలి మూసేదా?” ముగ్గురూ నవ్వారు. “వాకిలి ఊడుస్తారు, ముగ్గేస్తారు, ముయ్యడమేంటయ్యా? ముందు తెలుగు నేర్చుకుని రా” అన్నాడొకాయన. నిఘంటువు తీస్తే వాకిలి అంటే ద్వారమనే ఉంటుంది. ఆ పూట ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. సిగ్గుతో వచ్చేశాను. ఆ తర్వాత చాన్నాళ్లు మా అవ్వతో కూడా తమిళంలోనే మాట్లాడాను. ఆమె ఎందుకని అడగలేదు. ఆమె పోయి ఇరవై ఏళ్లయింది, ఇప్పటికీ నన్ను కోసేది అదే.

సరే, కి.రా. విషయం. ఊరివాళ్ల మాటలు పెద్ద నిఘంటువుల్లో లేవని ఆయన ఏడుస్తూ కూచోలేదు. ఒక్కొక్క మాటా ఏరి, కరిసల్ నేల మాటలకు తానే నిఘంటువు కట్టారు. బడి మొహం సరిగా చూడని ఆ రైతును పుదుచ్చేరి విశ్వవిద్యాలయం జానపద కథలు సేకరించడానికి ఆచార్యుడిగా పిలుచుకుంది. మన గిడుగు వారు చేసిందేమిటి? అడవిలో సవరల దగ్గర కూచుని వాళ్ల మాటలు నేర్చి నిఘంటువు రాయలేదా? అందుకే ఈ ఇద్దర్నీ కలిపి తలుచుకోవడం భాగ్యమన్నాను.

2021 మేలో కి.రా. పోయారు. తమిళనాడు ప్రభుత్వ లాంఛనాలతో ఇడైసెవల్‌లోనే సాగనంపింది. ఆ రోజు నా ఫోన్‌కు ఎన్ని సందేశాలో, “ఆయన మనవాడేనట కదా!” అని. అమ్మా, అయ్యా, మనవాడే. ఆంధ్ర నుంచి ప్రాణభయంతో దక్షిణానికి పారిపోయిన తెలుగు కుటుంబాల కథనే ‘గోపల్ల గ్రామం’ అని 1976లో నవలగా రాశారు. కానీ ఆయన ఇంటి తెలుగూ మా అవ్వ తెలుగూ ఒక్క నేలవి. ఆయన మనవాడైతే ఆ తెలుగూ మనదే కావాలి కదా? మా పిల్లలు మీ ఊళ్లకు వచ్చి వాకిలి మూసేదా అంటే నవ్వకండి. మీకు దండం పెట్టి అడుగుతున్నాను, నవ్వకండి.

టైమైందని చీటీ పంపారు. ఇంకొక్క మాట. బయట బల్ల మీద నోటుపుస్తకం పెట్టాను, దారంతో కలం కట్టాను. మీ ఇంట్లో ముసలివాళ్లు మాత్రమే అనే మాట ఒక్కటి రాయండి, కింద వాళ్ల ఊరి పేరు రాయండి. మొదటి పేజీలో నేను వాకిలి అని రాశాను.