ముందు జాబితా, తర్వాతే అట్టపెట్టె
(ఒక డిగ్రీ కళాశాల ఎన్‌ఎస్‌ఎస్ విభాగం సభలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్లకు నమస్కారం. ముందు రెండు వరసలూ ఖాళీగా వదిలేసి వెనక కిటికీల దగ్గర సర్దుకున్నవాళ్లకు కూడా నమస్కారం. ఫ్యాన్లు అక్కడే తిరుగుతున్నాయి కాబట్టి తప్పు పట్టను.

సెప్టెంబరు 8 అంతర్జాతీయ అక్షరాస్యతా దినం. 1966లో యునెస్కో ప్రకటించింది, 1967 నుంచి జరుపుతున్నారు. ఆ సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో ఇప్పటికీ 70 కోట్లకు పైగా యువతకూ పెద్దలకూ చదవడం, రాయడం రాదు. అందులో ఆడవాళ్లే ఎక్కువ. ఆ రోజు పేరు చెప్పి మీరు పాత పుస్తకాలు పోగుచేస్తున్నారు. వరండాలో అట్టపెట్టెలు చూశాను, ఒక్కోదాని మీద ‘జ్ఞానదానం’ అని స్కెచ్ పెన్నుతో రాశారు. నన్నూ ఆ అంశం మీదే మాట్లాడమన్నారు. దానం గొప్పతనం చెప్పడానికి నాకంటే బాగా మాట్లాడేవాళ్లున్నారు. నేను ఉద్యోగమంతా గ్రంథాలయాల్లో చేసినవాణ్ణి. పెట్టెలు మీరు నింపుతారు, మేం దింపుకుంటాం. దింపుకునేవాడి కళ్లతో చూస్తే ఈ వ్యవహారం ఎలా ఉంటుందో చెబుతాను.

ఒక పెట్టె విప్పుదాం. పైపైన బాగానే ఉంటాయి: ఒక వ్యక్తిత్వ వికాసం పుస్తకం, రెండు పిల్లల బొమ్మల పుస్తకాలు. వాటి కింద ఎంసెట్ గైడ్లు, బిట్లన్నిటికీ పెన్సిల్‌తో టిక్కులు పెట్టేసినవి. ఇంకా కిందికి పోతే ఇంజనీరింగ్ ఆల్-ఇన్-వన్‌లు. జేఎన్‌టీయూ ఆర్13 సిలబస్, అంటే 2013 నాటిది, అని అట్ట మీదే ఉంటుంది. దాని తర్వాత ఎన్ని రెగ్యులేషన్లు మారాయో మీకు నాకంటే బాగా తెలుసు. ఒక పాత డైరీ, అందులో నాలుగు పేజీలు పాల లెక్క. అట్టడుగున తడిసి అతుక్కుపోయిన వారపత్రికలు. ఈ పెట్టె ఎక్కడో పల్లెటూరి హైస్కూలుకు చేరుతుంది. హెడ్మాస్టరు గారు నలుగురు పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీయిస్తారు. ఆ సాయంత్రమే పెట్టె స్టాఫ్‌రూమ్ బీరువా మీదికి ఎక్కుతుంది. ఎందుకంటే రిజిస్టరులో ఎక్కించిన పుస్తకాన్ని తీసేయాలంటే పైనుంచి అనుమతి కావాలి. అంత తలనొప్పి ఎందుకని అసలు ఎక్కించకుండానే వదిలేస్తారు. మన పెళ్లికి వచ్చిన గోడ గడియారాన్ని ఇంకొకరి పెళ్లిలో చదివించినట్టు, ఈ పుస్తకాలు చేతులు మారుతుంటాయి తప్ప ఎవరి చేతిలోనూ తెరుచుకోవు.

ఇప్పుడు ఇదే పనిని వేరేలా చేసిన కాలేజీ కుర్రాళ్ల సంగతి చెబుతాను. అమెరికాలో ఇండియానా రాష్ట్రం, సౌత్ బెండ్ ఊరు. అక్కడ నోట్రడామ్ యూనివర్సిటీ ఉంది. 2000 దశకం మొదట్లో డాట్‌కామ్ కంపెనీలు, అంటే ఇంటర్నెట్ కంపెనీలు, మూతబడి ఉద్యోగాలు దొరకని రోజుల్లో, అక్కడ చదువు ముగించిన ఇద్దరు స్నేహితులు క్రీస్ ఫుక్స్, జేవియర్ హెల్గెసన్ గదిలో మిగిలిన పాఠ్యపుస్తకాలను ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టారు. అమెరికాలో కొత్త పాఠ్యపుస్తకం వంద డాలర్లు దాటడం మామూలే కాబట్టి పాతదైనా మంచి ధర పలికింది. ఆ ఊళ్లో రాబిన్సన్ కమ్యూనిటీ లెర్నింగ్ సెంటర్ అని పేద పిల్లలకు సాయంత్రం చదువు చెప్పే చోటు ఉంది. దానికోసం యూనివర్సిటీలో పుస్తకాల సేకరణ పెట్టారు. సుమారు 2 వేల పుస్తకాలు వచ్చాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ 2 వేల పుస్తకాల్నీ ఆ సెంటరులో దింపలేదు. ఎనిమిదేళ్ల పిల్లకు ఆర్గానిక్ కెమిస్ట్రీ పుస్తకం ఇచ్చి ఏం లాభం? ఆ పుస్తకం అవసరమైన విద్యార్థికి అమ్మారు. వచ్చిన డబ్బులో వాటా సెంటరుకు ఇచ్చారు. ఆ పిల్లలకు ఏం కావాలో ఆ సెంటరు వాళ్లకు తెలుసు కదా, వాళ్లే కొనుక్కుంటారు. నాకు ఈ కథలో నచ్చేది ఇదొక్కటే. మిగతాదంతా వ్యాపారం.

ఆ వ్యాపారం కూడా క్లుప్తంగా చెబుతాను. జెఫ్ కర్ట్జ్‌మన్ అనే మరో స్నేహితుడు కలిశాడు, బెటర్ వరల్డ్ బుక్స్ అనే కంపెనీ పుట్టింది. సెమిస్టరు చివర్లో, హాస్టళ్లు ఖాళీ చేసే వారంలో, వందలాది కాలేజీల్లో విద్యార్థి సంఘాలు పెట్టెలు పెట్టడం మొదలుపెట్టాయి. పుస్తకాలన్నీ సౌత్ బెండ్ పక్కనున్న మిషవాకాలో ఒక పెద్ద గోదాముకు చేరతాయి. అట్ట వెనక ఐఎస్‌బీఎన్ బార్‌కోడ్ ఉంటుంది కదా, దాన్ని స్కాన్ చేస్తే పుస్తకానికి గిరాకీ ఉందో లేదో తేలుతుంది. గిరాకీ ఉన్నది అమ్మకానికి, అమ్ముడుపోకపోయినా చదవదగ్గది ఆఫ్రికాకు పంపే సంస్థలకు, రెండూ కానిది కాగితం మిల్లుకు. గ్రంథాలయాలకూ అక్షరాస్యతకూ ఇంతవరకు 3 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చామని కంపెనీ చెబుతుంది. లాభాపేక్ష ఉన్న కంపెనీ విద్యార్థుల సేవాభావాన్ని వాడుకుంటోందని గొణిగినవాళ్లూ ఉన్నారు. ఎంతకు అమ్మారో, ఎంత ఇచ్చారో పిల్లలకు ముందే చెబితే నాకు అభ్యంతరం లేదు. చెప్పకపోతే ఉంది.

ఆఫ్రికాకు పంపే సంస్థలన్నాను. వాటిలో పెద్దది బుక్స్ ఫర్ ఆఫ్రికా. టామ్ వార్త్ అనే ఆయన మోటారు వాహనాల పుస్తకాలు అచ్చువేసి అమ్మే వ్యాపారి. ఒకసారి ఉగాండా వెళ్లాడు. జింజా అనే ఊళ్లో గ్రంథాలయానికి పోతే అలమరాలు దాదాపు ఖాళీ. 1988లో సంస్థ పెట్టాడు. ఇప్పుడు మిన్నెసోటా నుంచి ఓడ కంటైనర్లు వెళ్తుంటాయి. 40 అడుగుల కంటైనరులో సుమారు 22 వేల పుస్తకాలు పడతాయి. దానికి రవాణా ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. అందుకే వాళ్లు 15 ఏళ్లు దాటిన నవలలు, కథల పుస్తకాలు వద్దంటారు. పనికిరాని పుస్తకం ఉచితంగా వచ్చినా, దాన్ని సముద్రం దాటించడం ఉచితం కాదు.

సరే, మంచి పుస్తకమే చేరిందనుకోండి. ఎవరు చదవాలి? ఉగాండాలో 2007 నుంచి చిన్న తరగతుల్లో చాలాచోట్ల స్థానిక భాషలో చదువు చెబుతున్నారు. నాలుగో తరగతి నుంచి ఇంగ్లీషుకు మారతారు. జింజా ప్రాంతంలో ఇళ్లలో మాట్లాడేది లుసోగా. ఒకటో తరగతి పిల్ల చేతికి ఇండియానా నుంచి వచ్చిన ఇంగ్లీషు కథల పుస్తకం ఇస్తే బొమ్మలు చూస్తుంది, పక్కన పెడుతుంది. అదే కంటైనరులో వచ్చిన నర్సింగ్ పుస్తకం అక్కడి కాలేజీ విద్యార్థికి బంగారం, ఎందుకంటే ఆమె చదువు ఇంగ్లీషులోనే. పుస్తకం మంచిదా కాదా అని విడిగా చెప్పలేం. ఎవరికి అన్నది తేలాలి.

నేపాల్‌లో ఇంకా తమాషా. 1998లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగి జాన్ వుడ్ కొండలెక్కడానికి వెళ్లి బాహున్‌డాండా అనే ఊళ్లో బడి చూశాడు. లైబ్రరీ ఉంది. కొండలెక్కడానికి వచ్చిన విదేశీయులు బరువు తగ్గించుకోవడానికి వదిలేసిన పెద్దవాళ్ల నవలలు ఉన్నాయి. పిల్లలు పాడుచేస్తారని వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారు! ఆయన స్నేహితులకు ఈమెయిలు పంపి పిల్లల పుస్తకాలు పోగుచేయించి జంతువుల మీద మోయించుకుని మళ్లీ వచ్చాడు. అలా మొదలైన రూమ్ టు రీడ్ సంస్థ కొన్నేళ్లకే తెలుసుకున్నదేమిటంటే, విదేశాల నుంచి ఎన్ని తెచ్చినా నేపాలీ పిల్లలకు నేపాలీ పుస్తకాలు లేని లోటు తీరదని. అక్కడి రచయితలతో, చిత్రకారులతో స్థానిక భాషల్లో పుస్తకాలు వేయడం మొదలుపెట్టింది. పుస్తకాలు మోసుకెళ్లే సంస్థ చివరికి ప్రచురణ సంస్థ అయింది.

మనకిది కొత్తగా అనిపించనక్కర్లేదు. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. సాయంత్రం దీపాల దగ్గర కూలి పని చేసుకొచ్చిన ఆడవాళ్లు పలకలు పట్టారు. వాళ్ల కోసం రాసిన వాచకాల్లో సీతమ్మ కథ అని ఒక పాఠం. ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి సారా దుకాణం మూయించడం అందులో విషయం. దూబగుంటలో ఆడవాళ్లు అది చదివారు, మాట్లాడుకున్నారు, తమ ఊరి సారాను నిజంగానే అడ్డుకున్నారు. వాళ్లలో ముందు నిలబడిన రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. తర్వాత రెండేళ్లకు సడలించారనుకోండి, అది వేరే కథ. నేను చెప్పేది ఆ వాచకం గురించి. పల్చటి పుస్తకం. అందులో వాళ్ల ఇల్లుంది, వాళ్ల మొగుడున్నాడు, వాళ్ల ఊరి దుకాణం ఉంది. ఎవరో చదివి వదిలేసిన పుస్తకాలు పెట్టెలకు పెట్టెలు దింపినా దూబగుంటలో ఆ పని జరిగేది కాదు.

అలాగని పుస్తకాలు అడిగి తెచ్చుకోవడం తక్కువ పని అనడం లేదు. మన గ్రంథాలయ ఉద్యమం అలాగే పుట్టింది. వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం పెట్టింది హిందూ యువజన సంఘం, అంటే మీకంటే కొంచెం పెద్దవాళ్లు. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. పరిశోధకులు ఇప్పటికీ పాత పత్రికల కోసం ఆ ఊరు వెళ్తారు. 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిచింది. రేవు రేవునా ఆగి పుస్తకం ఇచ్చేవారు, పాతది తీసుకునేవారు. పడవలో చోటెంత? ఏ రేవులో ఎవరికి ఏం కావాలో తెలియకపోతే ఆ చోటు చాలేది కాదు.

ఇక మీ పని. నా సలహా ఏమిటంటే ఆ పెట్టెలను ఇవాళ మూసేయండి. ముందు ఒక బడికో హాస్టలుకో నోటుపుస్తకం పట్టుకుని వెళ్లండి. టీచర్లను కాదు, పిల్లల్ని అడగండి. ఏం చదువుతారు, ఏ భాషలో చదువుతారు, తెలుగు పుస్తకం గడగడా చదవగలరా, కూడబలుక్కోవాలా? ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు పాఠ్యపుస్తకమే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. అలాంటి కథల పుస్తకాలైతే వాళ్లు లాక్కుని మరీ చదువుతారు. ఏజెన్సీ ప్రాంతానికి వెళ్తే ఇంకో సంగతి: కోయ పిల్లకో సవర పిల్లకో మన తెలుగు పుస్తకం, జింజా పిల్లకు ఇండియానా పుస్తకం లాంటిదే. ఆ సంగతి మనకు తట్టదు, తెలుగు అందరిదీ అనుకుంటాం.

జాబితా చేతికొచ్చాక పెట్టెలు తెరవండి. జాబితాకు సరిపోయేవి ఒక పక్క. సిలబస్ మారని డిగ్రీ, పోటీ పరీక్షల పుస్తకాలు ఇంకో పక్క. వాటిని మీ జూనియర్లకు సగం ధరకో పావు ధరకో ఇక్కడే అమ్మండి. కోఠీలో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద జరిగేది అదే, మీరు చేస్తే నామోషీ ఏమీ లేదు. మిగిలింది పాత పేపర్ల కొట్టుకు. పుస్తకాన్ని తూకానికి వేయడం పాపం అనుకునేవాళ్లున్నారు, సరస్వతి అని కళ్లకద్దుకుంటారు. ఆర్13 ఆల్-ఇన్-వన్‌ను బడి బీరువా మీద పదేళ్లు పడేయడం కంటే తూకానికి వేయడమే మేలని నా అభిప్రాయం. మీ తెలుగు మాస్టారు ఒప్పుకోకపోవచ్చు. ఆ వచ్చిన డబ్బుతో కొత్త పుస్తకాలు కొనండి. సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్లవి, ప్రథమ్ బుక్స్ వాళ్లవి పల్చటి పిల్లల పుస్తకాలు తక్కువ ధరలో దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. పంపడానికి మునుపు రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ చౌకగా ఉండేది, 2024 డిసెంబరులో తపాలా శాఖ దాన్ని ఆపేసింది. ఆర్టీసీ కార్గో రేట్లు కనుక్కోండి. దగ్గరి ఊరైతే మీరే బస్సెక్కండి.

మీ సీనియర్లు చాలామంది అమెరికాలో చదువుతున్నారు కదా. మే నెలలో గది ఖాళీ చేస్తూ ఫోన్ చేసి, ‘పుస్తకాలు మన కాలేజీకి పంపనా’ అంటారు. వద్దనండి. వాళ్ల క్యాంపస్‌లోనో దగ్గర్లోనో ఇలాంటి పెట్టె ఉందేమో చూసి, అందులో వేయమనండి. అక్కడైతే దానికి ధర ఉంది. ఇక్కడికి పంపే పార్శిల్ ఖర్చుతో మనం ఒక బడికి చిన్న అలమరా నింపొచ్చు.

ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 గంటలు పని చూపించాలి. సేకరణకు ఒక్కరోజు చాలు. మిగతా గంటలన్నీ ఏరడానికి, బడికి మళ్లీ మళ్లీ వెళ్లడానికి, ఏ పుస్తకం నలిగింది, ఏది మడత పడకుండా ఉందో చూడడానికి వాడండి. నలిగినవి మళ్లీ కొనండి.

మీలో ఎవరి సొంతూళ్లో హైస్కూలు ఉందో, అక్కడ లైబ్రరీ పీరియడ్ నిజంగా జరుగుతుందో లేదో, ఒక కాగితం మీద రాసి ఇప్పుడే ప్రోగ్రాం ఆఫీసరు గారికి ఇవ్వండి. అందులో దగ్గరి ఊరికి వచ్చే వారం వెళ్దాం. నేనూ వస్తాను, బస్సు ఛార్జీ నాదే.