గాలి లేని చోట వేడి లెక్క

(బెంగళూరులో తెలుగువారి సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. 'మెకానికల్ ఇంజనీరుకి అంతరిక్షంలో ఏం పని?' అన్న విషయం మీద మాట్లాడమన్నారు. ముందు వరసల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు, వెనక వాళ్ల అమ్మానాన్నలు కనిపిస్తున్నారు. కొన్నాళ్లు ఉపగ్రహాల థర్మల్ పనిలో, అంటే వాటి వేడిని అదుపులో ఉంచే పనిలో ఉండి, ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఇక్కడే కాలేజీలో హీట్ ట్రాన్స్‌ఫర్ పాఠం చెప్పినవాణ్ణి. కాబట్టి ఈ మాటలు కాస్త క్లాసులాగే ఉంటాయి, భరించండి.

క్లాసులో ఏటా ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. భూమి దగ్గరే, వాతావరణానికి పైన, సూర్యుడికి సూటిగా ఎదురుగా రెండు పలకలు పెట్టాం. ఒకటి నల్లరంగు వేసింది. రెండోది అద్దంలా పాలిష్ పట్టిన అల్యూమినియం. రెండింటి వెనక వైపు నుంచీ వేడి పోకుండా మూసేశాం. ఏది ఎక్కువ వేడెక్కుతుంది?

నల్లదే అంటారు. మీరూ అదే అనుకుంటున్నారు, ముఖాల్లో తెలుస్తోంది. లెక్క వేసి చూద్దాం. అక్కడ చదరపు మీటరుకు 1,361 వాట్ల ఎండ పడుతుంది. నల్ల పలక దాదాపు అంతా పీల్చుకుంటుంది, కానీ అంతే ధారాళంగా వేడిని బయటికి వదులుతుంది కూడా. రెండూ సరిపోయేసరికి 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగుతుంది. మెరిసే అల్యూమినియం పీల్చుకునేది సుమారు 15 శాతమే. అయితే అదే వేడిలో నల్ల పలక వదిలేదాంట్లో ఇది వదలగలిగేది 5 శాతమే. గాలి ఉంటే మిగిలింది గాలి పట్టుకుపోయేది. అక్కడ గాలి లేదు, రేడియేషన్, అంటే వేడి కిరణాలుగా వెళ్లిపోవడం తప్ప మరో దారి లేదు. అందుకని అది 240 డిగ్రీలు దాటాక గాని కుదుటపడదు. నల్లదానికి రెట్టింపు! ఎండలో వదిలేసిన స్టీలు స్పానర్ చెయ్యి కాలుస్తుందని మెకానిక్ షెడ్డులో కుర్రాడికి ఎప్పుడో తెలుసు. ఫైనలియర్ పిల్లలకే తెలియదు.

అంటే చూడాల్సింది పీల్చుకునేదానికీ వదిలేదానికీ ఉన్న నిష్పత్తి. దీన్ని తిరగేసి చూడండి. వెనక వెండి పూత పూసిన పల్చటి క్వార్ట్జ్ అద్దం ఎండలో పదో వంతు పీల్చుకుని, వేడిని మాత్రం 80 శాతం దాకా వదులుతుంది. లోపలి నుంచి వేడి రాకపోతే నడి ఎండలో కూడా మైనస్ 40కి దిగిపోతుంది. ఉపగ్రహం లోపల పుట్టే వేడిని బయటికి పంపే రేడియేటర్ల మీద ఇవే అతికిస్తారు. ఫొటోల్లో ఉపగ్రహానికి చుట్టి కనిపించేది బంగారు రేకు కాదు. అల్యూమినియం పూత పూసిన పల్చటి ప్లాస్టిక్ పొరలు, వేడి అటూ ఇటూ పోకుండా కట్టిన దుప్పటి అన్నమాట. కింది కక్ష్యలో ఉపగ్రహం గంటన్నరకో చుట్టు తిరుగుతూ మామూలుగా ప్రతి చుట్టులో అరగంట పైనే నీడలో ఉంటుంది. పైనున్న భూస్థిర కక్ష్యలోనైతే పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తుల రోజుల్లో నీడ 72 నిమిషాల దాకా ఉంటుంది. ఎండలో కాలిపోకుండా, నీడలో గడ్డకట్టకుండా బ్యాటరీని గదిలో ఉన్నంత చల్లగా, వెచ్చగా ఉంచాలి. ఇదంతా మెకానికల్ ఇంజనీరు పనే. అది సరిగ్గా జరిగినన్నాళ్లూ పేపర్లో ఒక్క ముక్క కూడా రాదు.

ఇక నా జీవితంలో ఎక్కువ భాగం తినేసిన విషయానికి వస్తాను. అది రాకెట్ ఇంజనూ కాదు, సోలార్ ప్యానలూ కాదు. బోల్టు వేసి బిగించిన జాయింటు.

ఎంత నున్నగా మెషినింగ్ చేసినా మైక్రోస్కోపు కింద చూస్తే ఉపరితలం అంతా గుట్టలూ గుంటలే. రెండు పలకలు కలిపి బిగిస్తే గుట్టల కొనలు మాత్రమే తగులుతాయి. మొత్తం వైశాల్యంలో నిజంగా తగిలేది చాలా తక్కువ. భూమి మీద ఆ సందుల్లో ఉన్న గాలి కొంత వేడిని మోస్తుంది, మనకు తేడా తెలియదు. వాక్యూమ్‌లో ఆ సాయం ఉండదు. అదే బాక్సు, అదే టార్క్ (బిగింపు), అదే బోల్టు, లోపలి ఎలక్ట్రానిక్స్ మాత్రం ల్యాబులో కంటే ఎక్కువ వేడెక్కుతాయి. మధ్యలో ఇండియం అనే మెత్తటి లోహపు రేకు పెట్టొచ్చు, థర్మల్ గ్రీజు రాయొచ్చు. గ్రీజు ఎక్కువైతే దాని ఆవిరి పోయి ఎక్కడో కెమెరా లెన్సు మీద కూర్చుంటుంది. పాఠ్యపుస్తకంలో ఈ విషయానికి పేజీన్నర ఉంటుంది. చాలామంది మాస్టార్లు 'ఇది పరీక్షకు రాదు' అని దాటించేస్తారు. కాలేజీకి వచ్చాక ఇస్రో నిధులతో మా ఎంటెక్ పిల్లలూ నేనూ చేసిన పనంతా ఆ పేజీన్నరలోంచి వచ్చిందే.

దీనికి ఆ తర్వాత చాలా పెద్ద ఉదాహరణ దొరికింది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగింది కదా. అందులో చేస్ట్ అనే పరికరం నేలలోకి కొన్ని సెంటీమీటర్ల లోతు గుచ్చి వేడి కొలిచింది. పైన 50 డిగ్రీలు దాటి ఉంటే, 8 సెంటీమీటర్ల కింద మైనస్ 10. జానెడు కూడా లేదు ఆ లోతు. ఆ తేడా చూసి ఆశ్చర్యపోయినవాళ్లు చాలామంది. నాకు మాత్రం మా బోల్టు జాయింటు గుర్తొచ్చింది. చంద్రుడి దుమ్ములో రేణువులు ఒకదాన్నొకటి కొనలతోనే తాకుతాయి, మధ్యలో గాలి లేదు. వేడి కిందికి దిగడానికి దారి ఎక్కడుంది?

చంద్రుడి వేడి ఇంకో రకంగా కూడా ఇబ్బంది పెట్టింది. చంద్రయాన్-1 2008 అక్టోబర్ 22న బయల్దేరి, నవంబర్‌లో 100 కిలోమీటర్ల ఎత్తున తిరగడం మొదలుపెట్టింది. ఆ నెలాఖరుకే లోపలి వేడి 50 డిగ్రీల దాకా వెళ్లింది. పరికరాలన్నీ ఒకేసారి నడపకుండా సర్దుకోవాల్సి వచ్చింది. భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహానికి కింద నుంచి వచ్చే వేడి ఓ మోస్తరుగా ఉంటుంది. చంద్రుడి మీద నడినెత్తిన ఎండ పడేచోట నేల 120 డిగ్రీలకు వెళ్తుంది. అంటే పైనుంచి సూర్యుడు ఎంత పంపుతున్నాడో, ఆ నేల కూడా దాదాపు అంతే పంపుతోంది. 100 కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహం చుట్టూ ఉన్న ఆకాశంలో మూడో వంతు చంద్రుడే. 2009 మేలో కక్ష్యను 200 కిలోమీటర్లకు పెంచారు, ఆగస్టు 29న సంబంధం తెగిపోయింది. రెండేళ్లు అనుకున్నది పది నెలలే నడిచింది. ఆ పది నెలల్లోనే చంద్రుడి మీద నీటి జాడ పట్టుకుందన్నది మరిచిపోకండి. కాకపోతే థర్మల్ వాళ్లకు అది పెద్ద పాఠం. నేను చాలా ఏళ్లు క్లాసులో దాన్నే లెక్కగా ఇచ్చాను.

ఇప్పుడు సతీశ్ ధవన్ గారి మాట ఎత్తాలి. శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు ఉంది కాబట్టి సూళ్లూరుపేట మీదుగా రైల్లో వెళ్లే మనవాళ్లందరికీ పేరు తెలుసు. ఆయన లాహోర్‌లో చదివింది మెకానికల్ ఇంజనీరింగ్ అని, దానికి ముందు ఇంగ్లీషు సాహిత్యంలో ఎంఏ చేశారని ఎక్కువ మందికి తెలియదు. కాల్‌టెక్‌లో డాక్టరేట్ చేసి 1951లో ఈ ఊళ్లోనే, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అనే మన టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెప్పడానికి చేరారు. అక్కడ సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ కట్టారు. 1962లో డైరెక్టరయ్యారు. విక్రమ్ సారాభాయ్ 1971 డిసెంబర్‌లో పోయాక ఇందిరాగాంధీ ఇస్రో బాధ్యత తీసుకోమంటే ఆయన రెండు షరతులు పెట్టారు: ఇస్రో ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉండాలి, తాను ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్‌గా కొనసాగాలి. 1979 నాటి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ విఫలమైనప్పుడు ఆయన ప్రెస్ ముందు ఎలా నిలబడ్డారన్నది మీరు చాలాసార్లు వినే ఉంటారు, మళ్లీ చెప్పను. నన్ను పట్టుకున్నది ఆ రెండో షరతు. దేశం రాకెట్ల బాధ్యత నెత్తిన పెడుతుంటే, కాలేజీని వదలనన్నారు. తర్వాతి రోజుల్లో పులికాట్ సరస్సు పక్షులు ఎలా ఎగురుతాయో లెక్కలు కడుతూ కూర్చున్నారు. కుర్చీ ఎంత పెద్దదైనా ఆయన లోపలి మాస్టారు పోలేదు.

ఆ షరతు ఫలితమేనని రుజువు చేయలేను గానీ, ఇన్‌స్టిట్యూట్‌లో 1982లో ఇస్రోతో కలిసి స్పేస్ టెక్నాలజీ సెల్ వచ్చింది, తర్వాత మద్రాసు ఐఐటీలోనూ అలాంటిదే వచ్చింది. 2010 జూలై 12న పీఎస్ఎల్‌వీ-సీ15 మీద వెళ్లిన స్టడ్‌శాట్ అనే ఉపగ్రహం బరువు కిలో కంటే తక్కువ. దాన్ని చేసింది బెంగళూరు, హైదరాబాద్ కాలేజీల విద్యార్థులు. మన రెండు ఊళ్ల పిల్లలు కలిసి చేసిన పని అది.

పిల్లలతో నాకు ఒక పేచీ ఉంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో మోడల్ పెట్టి బటన్ నొక్కితే ఎరుపూ నీలమూ రంగుల బొమ్మ వచ్చేస్తుంది. బొమ్మ అందంగా ఉంటుంది, కాబట్టి నిజమనుకుంటారు. జాయింటు దగ్గర వేడి ఎంత దాటుతుందని ఏ విలువ ఇచ్చావని అడిగితే, 'సార్, డీఫాల్ట్ ఉంచేశాం' అంటారు. డీఫాల్ట్ అంటే రెండు ముక్కలూ అతుకు లేకుండా కలిసిపోయినట్టు! బటన్ నొక్కే ముందు కాగితం మీద ఒక అంకె రావాలి, బొమ్మ దానికి దగ్గరగా ఉందో లేదో చూడాలి. ఇది నేర్పడానికి మాస్టారు కావాలి, అందులోనూ ఎప్పుడో ఒకసారి నిజమైన హార్డ్‌వేర్ పట్టుకున్న మాస్టారు.

అమ్మానాన్నలు అడిగేది నాకు తెలుసు: మెకానికల్‌లో చేర్పిస్తే ఉద్యోగం వస్తుందా? కంప్యూటర్స్‌లో వచ్చినంత తేలిగ్గా, తొందరగా రాదు. అబద్ధం చెప్పను. కానీ ఇస్రో మెకానికల్ వాళ్లను తరచూ తీసుకుంటుంది. సోమనాథ్ గారూ, నారాయణన్ గారూ, ఈ మధ్య ఇస్రో ఛైర్మన్లయిన ఇద్దరూ మొదట మెకానికల్ చదివినవాళ్లే. పైగా ఇప్పుడు హైదరాబాద్‌లో, చెన్నైలో రాకెట్లు కట్టే ప్రైవేటు కంపెనీలు ఉన్నాయి. పిల్లవాడికి యంత్రం విప్పి చూడాలన్న సరదా లేకపోతే మాత్రం బలవంతం చేయకండి. నాలుగేళ్లు వాడికీ నరకం, మాస్టారికీ నరకం.

చివరగా కాలేజీ యాజమాన్యాల్లో ఉన్నవాళ్లకు ఒక మనవి. మొదటి ఉపగ్రహం ఆర్యభట్టను కట్టింది ఈ ఊళ్లోనే, పీణ్య పారిశ్రామికవాడ షెడ్లలో. 1975లో రష్యా రాకెట్ మీద వెళ్లింది, బరువు 360 కిలోలు. మీ కాలేజీకి అంత అక్కర్లేదు. ఒక గాజు బెల్ జార్, మంచి వాక్యూమ్ పంపు, ఒక హీటరు, వేడి కొలిచే థర్మోకపుల్ తీగలు నాలుగైదు, రెండు అల్యూమినియం దిమ్మెలు చాలు. ఇంతకుముందు చెప్పిన బోల్టు జాయింటు మీద ప్రయోగం రెండో సంవత్సరం పిల్లలే చేసేస్తారు. గాలి తీసేకొద్దీ దిమ్మెల మధ్య ఉష్ణోగ్రత తేడా పెరగడం వాళ్లే చూస్తారు. పంపు సెకండ్‌హ్యాండ్‌దైనా పనికొస్తుంది. సీలింగుకి ఓ-రింగులు మాత్రం కొత్తవే కొనండి. డ్రాయింగు నా దగ్గర ఉంది, కావలసినవాళ్లు టీ దగ్గర కలవండి.