టోనీ నామినేషన్లు: దర్శకుడి పేరును ముందే పసిగట్టడం

సభకు నమస్కారం.

సురభి నాటక సమాజం పుట్టింది మన కడప జిల్లాలోనే, 1885లో. కళ్లముందే సెట్టింగు మారిపోతే ఈల వేసిన జనం మనం. ఆ ఈల దర్శకుడికా, సెట్టింగు కట్టినవాళ్లకా? న్యూయార్క్‌లోని పెద్ద థియేటర్ల కూటమి బ్రాడ్‌వే. అక్కడి మ్యూజికల్స్‌కు, అంటే పాటల నాటకాలకు, టోనీ అనే రంగస్థల అవార్డుల నామినేషన్లు ఊహించేవాళ్లు మొట్టమొదట బోల్తా పడేది ఇక్కడే. సెట్టింగుకు, లైటింగుకు, నృత్యానికి అక్కడ వేరే అవార్డులున్నాయి. వాటి ఘనతంతా దర్శకుడి ఖాతాలో వేస్తే లెక్క తప్పుతుంది.

ముందు జాబితా రాసుకోండి. 500 సీట్లకు తగ్గని బ్రాడ్‌వే థియేటర్లో, ఏప్రిల్ చివర్లో వచ్చే గడువులోగా మొదలైనవే పోటీకి అర్హం. మామూలుగా దర్శకత్వానికి ఐదు పేర్లు. కరోనాతో సీజన్ మధ్యలో ఆగిన ఏడాది మాత్రం మూడే.

అసలు కిటుకు ఇక్కడ ఉంది. ఉత్తమ మ్యూజికల్ విభాగంలో కొత్తవే ఉంటాయి, పాతదాన్ని మళ్లీ ఆడితే దానికి రివైవల్ విభాగం. దర్శకత్వంలో మాత్రం ఆ రెండూ ఒకే గాటన. చాలామంది ఉత్తమ మ్యూజికల్ జాబితానే దర్శకులకూ దించేస్తారు. 2017లో అది నడిచింది: నాలుగు కొత్తవాటి దర్శకులూ వచ్చారు, ఐదో చోటు రివైవల్‌కు పోయింది. 2016లో ఆ పప్పులుడకలేదు. ఐదింట్లో మూడు రివైవల్సే. 'వెయిట్రెస్' ఉత్తమ మ్యూజికల్‌కు నామినేట్ అయినా దాని దర్శకురాలు డయాన్ పౌలస్‌కు చోటు దక్కలేదు.

ఆ మూడు రివైవల్స్‌లో రెండింటిని దగ్గరగా చూడండి. జాన్ డోయల్ 'ది కలర్ పర్పుల్'ను దాదాపు చెక్క కుర్చీలతోనే నడిపించాడు. మైకేల్ ఆర్డెన్ 'స్ప్రింగ్ అవేకనింగ్'లో బధిర నటుడు సైగలతో నటిస్తుంటే, పక్కనే మరొకరు ఆ పాత్రకు గొంతునిచ్చారు. అది జనవరిలోనే ఆగిపోయింది, అయినా మే నాటికి నామినేషన్ల కమిటీ మరిచిపోలేదు. 'చివర్లో వచ్చినదే గుర్తుంటుంది' అనే సూత్రాన్ని మరీ అంత నమ్మకండి. రివైవల్ దర్శకుణ్ణి తూచేటప్పుడు అడగాల్సింది ఒక్కటే: తెలిసిన కథలో ఇతని చెయ్యి ఎక్కడ కనబడుతోంది?

ఇతర అవార్డులను కొలబద్దగా వాడేటప్పుడూ జాగ్రత్త. న్యూయార్క్‌లోనే మరో రంగస్థల అవార్డు డ్రామా డెస్క్. వాళ్లు ఆఫ్ బ్రాడ్‌వేను, అంటే అక్కడి చిన్న థియేటర్లను కూడా లెక్కలోకి తీసుకుంటారు. 'హామిల్టన్' ఆఫ్ బ్రాడ్‌వేలో ఆడి, డ్రామా డెస్క్‌లో 2015లోనే గెలిచింది. బ్రాడ్‌వేకు వెళ్లాక టోనీ పోటీకి 2016లో వచ్చింది. 2016 డ్రామా డెస్క్ జాబితాలో లేదని దాని దర్శకుడు థామస్ కేల్ పేరు కొట్టేసినవాడు నవ్వులపాలే.

ఇంకోటి. నామినేట్ చేసేది కొద్ది పదుల మంది, అర్హమైనవన్నీ చూడాల్సినవాళ్లు. గెలుపు తేల్చేది 800కు పైగా ఓటర్లు. అందుకే పోస్టర్ల హోరు గెలుపుకు కొంత పనికొస్తుందేమో గానీ, నామినేషన్ల లెక్కలో దాన్ని పక్కన పెట్టండి. గెలుపు మీద ఊహ వేరే కాగితం మీద రాసుకోండి. 2017లో ఉత్తమ మ్యూజికల్ 'డియర్ ఇవాన్ హాన్సెన్', దర్శకత్వం మాత్రం 'కమ్ ఫ్రమ్ అవే' చేసిన క్రిస్టఫర్ యాష్లీది.