గళ్ళ కార్డు లెక్క, చేబదులు మర్యాద

అందరికీ నమస్కారం.

ఇబ్బంది రోజుల్లో డబ్బు గురించి మాట్లాడమన్నారు. దుబారా తగ్గించుకోండి అని చెప్పేసి దిగిపోవచ్చు. కానీ దుబారా చేసేంత మిగిలేది ఇక్కడ ఎందరికి? అప్పు చేసి పప్పుకూడు అని సామెత. మన వీధుల్లో అప్పు పప్పుకూటికి పుట్టడం తక్కువ. మందుల చీటీకి పుడుతుంది, కాలేజీ ఫీజుకి పుడుతుంది, పని దొరకని రెండు వారాలకి పుడుతుంది. అందుకని ముందు ఆ అప్పు ఖరీదెంతో చూద్దాం.

వడ్డీ మనం రూపాయల్లో చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24. ఇది అందరికీ నోటి లెక్కే. డైలీ ఫైనాన్స్ వాళ్ళు మాత్రం ఈ భాషలో మాట్లాడరు. "పదివేలు, రోజుకి వంద, వంద రోజులు" అంటారు. ముందే ఓ 1,500 పట్టుకుని 8,500 చేతిలో పెడతారు. నూటికి పదిహేనే కదా అనిపిస్తుంది.

వాళ్ళు ఇచ్చే గళ్ళ కార్డు ఒకసారి తీసి చూడండి. వంద గళ్ళుంటాయి. రోజూ సాయంత్రం ఒక గడిలో పెన్నుతో గీత పడుతుంది. యాభయ్యో గడికి వచ్చేసరికి అసలులో సగం వెనక్కి వెళ్ళిపోయింది. తొంభయ్యో గడి దగ్గర మీ చేతిలో మిగిలింది దాదాపు ఏమీ లేదు. సగటున ఆ వంద రోజులూ మీరు వాడుకున్నది చేతికొచ్చిన 8,500లో సగం, సుమారు 4,250. దాని మీద మూడు నెలల పది రోజులకు 1,500 పోయింది. అంటే నూటికి నెలకు పది రూపాయల వడ్డీ! అదే సొమ్ము రెండు రూపాయల వడ్డీకి దొరికి ఉంటే 300 లోపే అయ్యేది.

అసలు దెబ్బ తిప్పుడులో ఉంది. డెబ్బయ్యో రోజున మళ్ళీ అవసరం పడుతుంది. పాత బాకీ 3,000 పట్టుకుంటారు, కొత్త అప్పుకి 1,500 కోస్తారు, చేతికి వచ్చేది 5,500. కట్టాల్సింది మళ్ళీ పదివేలు. పాతది ముందుగా తీరినందుకు పైసా తగ్గించరు.

ఇదంతా తెలిసినా వాళ్ళ దగ్గరికే ఎందుకు వెళ్తాం? రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసినా ఇస్తారు గనుక. పొదుపు సంఘంలో రూపాయి వడ్డీకి దొరుకుతుంది, కానీ మీటింగు జరగాలి, తీర్మానం రాయాలి, సంతకాలు పడాలి, బ్యాంకు తెరవాలి. జ్వరం ఆగదు కదా. అందుకని సంఘాలు ఒక పని చేయొచ్చు. పది మంది సభ్యులు తలా 300 వేస్తే 3,000 అవుతుంది. దాన్ని విడిగా ఉంచి, ఆపద వస్తే ఇద్దరు లీడర్లు కలిసి 1,500 దాకా మీటింగు లేకుండా ఇవ్వొచ్చని ముందే తీర్మానం రాసుకోవాలి. మర్నాడు పుస్తకంలో ఎక్కించాలి. మూడో సభ్యురాలు ఒకరు నెలకోసారి ఆ నగదు లెక్కపెట్టాలి. ఈ చివరి మాట వదిలేస్తే నిధి ఆరు నెలల్లో మాయమవుతుంది, స్నేహాలు కూడా.

బంగారం ఉంటే బ్యాంకులో పెట్టుకోవడం నయం, వడ్డీ ముప్పావలా, రూపాయి మధ్యలో పడుతుంది. రాళ్ళు, పూసల బరువు తీసేసే విలువ కడతారని గుర్తుంచుకోండి. గడువు ఏడాది ఉంది కదా అని వదిలేయకుండా నెల నెలా వడ్డీ అయినా కడుతూ ఉండండి.

కిస్తీ ఎప్పుడు కట్టాలన్నది వడ్డీ అంత ముఖ్యం. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ మీద వచ్చిన ఆర్డినెన్సు వారం వారం వసూళ్ళను నెలవారీకి మార్చింది. చేబదులుకీ అంతే, డబ్బు చేతికి వచ్చే రోజు చూసుకునే గడువు పెట్టుకోవాలి. కూలికి శనివారం, ఉద్యోగికి జీతం పడ్డ మర్నాడు, రైతుకి పత్తి అమ్మాక.

చేబదులు ఇచ్చేవాళ్ళు ఒకటి చూసుకోండి: తిరిగి రాకపోయినా మీ ఇల్లు ఆగనంతే ఇవ్వండి. ఐదు వేలు అడిగితే వెయ్యి ఇచ్చి, "ఇంతే ఉంది వదినా" అనడం తప్పు కాదు. "రేపు చూద్దాం" అని మూడు రోజులు తిప్పడమే తప్పు, ఈలోగా గళ్ళ కార్డు వచ్చేస్తుంది. ఇచ్చింది తిరిగి నలుగురిలో అడగొద్దు. తీసుకున్నవాళ్ళు కూడా గడువు దాటాక మొహం చాటేయకుండా, రెండు రోజుల ముందే వచ్చి "ఈసారి 500 ఇస్తాను, మిగతాది వచ్చే శనివారం" అంటే చాలు. మళ్ళీ అడగడానికి దారి ఉంటుంది.

ఇక కాస్త వెసులుబాటు ఉన్నవాళ్ళతో ఒక మాట. ఇస్త్రీ బండి అతనికి "నెలాఖరుకి ఇస్తాలే" అంటాం. టైలరుకి జాకెట్టు డబ్బులు రెండు నెలలు ఆపుతాం. మనకది 200. వాళ్ళకి అలాంటివి పదిహేను ఇళ్ళు, మొత్తం 3,000, దానికోసం వాళ్ళు వెళ్ళేది పైన చెప్పిన అప్పుకే. మన బాకీకి వడ్డీ వాళ్ళు కడుతున్నారు. దానధర్మాలు తర్వాత, ముందు ఇస్త్రీ డబ్బులు ఇచ్చేయండి. పనమ్మాయికి 3,000 అడ్వాన్సు ఇస్తే జీతంలో ఒకేసారి కోయకండి. నెలకి 500 చొప్పున ఆరు నెలలు పట్టుకోండి, లేకపోతే రెండో నెలలో మళ్ళీ అడ్వాన్సే అడుగుతుంది.

చివరిగా నోటు సంగతి. ఖాళీ ప్రామిసరీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం ఎంత తెలిసినవాళ్ళకైనా పెట్టొద్దు. కొంత కట్టిన ప్రతిసారీ నోటు వెనక తేదీతో చెల్లు రాయించండి. మొత్తం తీరిన రోజున నోటు చేతికి తీసుకునే కదలండి. "ఇంట్లో ఎక్కడో ఉంది, వెతికి ఇస్తా" అంటే అక్కడే కూర్చోండి.

గళ్ళ కార్డు ఉన్నవాళ్ళు వెనక బల్ల దగ్గరికి రండి, పెన్నూ కాగితం ఉన్నాయి. పేరు కనపడకుండా మడిచి తెచ్చినా పర్వాలేదు, లెక్క వేసి ఇస్తాం.